పియానో పోటీ: కృతుల ఎంపిక, సాధన

పియానో పోటీలో పాల్గొనే విద్యార్థి వేదికపై కూర్చునేది పది, ఇరవై నిమిషాలు మాత్రమే. కాని ఆ కొద్దిసేపటి ఫలితం ఎన్నో నెలల ముందే, ఏ కృతులు వాయించాలో నిర్ణయించుకున్న నాడే, చాలావరకు రూపు దిద్దుకొని ఉంటుంది. ముషాయిరాకు వెళ్లే కవి తన గజళ్లలో ఏది ఆ సభకు, తన కంఠానికి తగినదో ముందుగా ఆలోచించుకుంటాడు. అవధానికి అట్టి వెసులుబాటు లేదు. సమస్యను ఇతరులు ఇస్తారు. పియానో పోటీలో ఈ రెండు పద్ధతులూ కలిసి ఉంటాయి. కొన్ని కృతులను నిర్వాహకులు విధిస్తారు, తక్కినవాటిని అభ్యర్థి ఎన్నుకుంటాడు. ఆ ఎన్నిక ఎట్లా జరగాలి, ఎన్నుకున్నదానిని ఎట్లా సాధన చేయాలి అనే విషయాలను విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ద్వారా మేము తలపెట్టిన పని.

మొట్టమొదట నియమావళిని శ్రద్ధగా చదవాలి. కాలపరిమితి ఎంత? పుస్తకం చూసి వాయించవచ్చునా, కంఠస్థం కావలెనా? సొనాటా మొత్తం వాయించాలా, ఒక భాగం చాలునా? ఒకే కృతిని రెండు దశలలో వాయించవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియకుండా సాధన మొదలుపెట్టడం చిరునామా తెలియకుండా ప్రయాణం కట్టడమే. పన్నెండు నిమిషాలు పట్టే కృతిని పది నిమిషాల పోటీకి ఎన్నుకుంటే న్యాయనిర్ణేతలు మధ్యలో గంట కొట్టి ఆపివేయవచ్చు. అది వారి తప్పు కాదు.

పలు పోటీలు భిన్న యుగాలకు చెందిన కృతులను కోరుతాయి. ఇందుకు కారణం ఉన్నది. ఒక్కొక్క యుగం ఒక్కొక్క గుణాన్ని పరీక్షిస్తుంది. బాఖ్ 1723లో శుద్ధప్రతి రాసిన 15 ఇన్వెన్షన్లలో రెండు గళాలు సమాన గౌరవంతో సంభాషిస్తాయి. ఎడమచేయి కుడిచేతికి దాసి కారాదు. ఆయన కాలపు హార్ప్సికార్డుకు నాదాన్ని నిలిపే పెడల్ లేదు కనుక, నేటి పియానోపై ఆ పెడల్‌ను మితంగా వాడడమే ఉచితం. మొజార్ట్, హైడన్ సొనాటాలు స్వచ్ఛతను పరీక్షిస్తాయి. స్వరాలు తక్కువ, దాగుకొనే చోటు అసలే లేదు. షోపాన్ నాక్టర్న్‌లో పియానో పాడవలసి ఉంటుంది. బార్టోక్ రచనలలో లయ, వాడి ముఖ్యం. ఈ నాలుగింటిలో తనకు ఏది సహజమో, ఏది దుర్లభమో విద్యార్థి తానే తెలుసుకోవాలి. స్వేచ్ఛగా ఎన్నుకునే కృతిని సహజమైన వైపునుంచే తీసుకోవాలి.

ఇక్కడనే మన విద్యార్థులు ఒక పొరపాటు చేస్తారని మా అభిప్రాయం. కష్టమైన కృతిని ఎన్నుకుంటే న్యాయనిర్ణేతలు మెచ్చుకుంటారని భావిస్తారు. షోపాన్ పదవ ఓపస్‌లోని మొదటి ఎట్యూడ్ అష్టమ స్వరాన్ని దాటి పరచుకొనే విస్తృతమైన చేతిని కోరుతుంది. చిన్న చేయి గల బాలిక దానికై శ్రమపడితే మణికట్టు నొప్పి తప్ప మిగిలేది స్వల్పం. ఆ చేతికే నప్పే రచనలు ఎన్నో ఉన్నాయి. షూమన్ 1848లో పిల్లల కోసం రాసిన ఆల్బం నుండి ఒక చిన్న రచనను పరిపూర్ణంగా వినిపించిన విద్యార్థిని, తడబడుతూ బ్యాలడ్ వాయించిన అభ్యర్థి కంటె నిస్సందేహంగా మెరుగు. తన శక్తి అంచున ఉన్న కృతిని తరగతి గదిలో నేర్చుకోవాలి; పోటీకి అంతకు ఒక మెట్టు క్రిందిదానిని తీసుకుపోవాలి. వేదికపై భయం ఒక మెట్టును తప్పక తినివేస్తుంది.

దీనికి ఒక గొప్ప నిదర్శనం ఉన్నది. వార్సాలో 1927లో ప్రారంభమైన షోపాన్ పోటీలో అభ్యర్థులందరూ షోపాన్ కృతులనే వాయిస్తారు. 1980లో అక్కడ ప్రథమ బహుమతి పొందిన డాంగ్ థాయ్ సాన్ వియత్నాం దేశీయుడు. ఆ పోటీలో ప్రథమ స్థానం గెలిచిన మొదటి ఆసియావాసి ఆయనే. యుద్ధకాలంలో హనోయ్ సంగీత విద్యాలయం బాంబుదాడుల కారణంగా పల్లెలకు తరలిపోగా ఆయన బాల్య విద్య అక్కడ సాగింది; పిదప మాస్కోలో చదివాడు. ఆయనకు లభించిన ప్రత్యేక బహుమతులలో మజుర్కాలకు ఇచ్చినది ఒకటి. మజుర్కా పోలెండు గ్రామీణ నృత్యం నుండి పుట్టిన చిన్న రచన. చూడడానికి అనేక మజుర్కాలు సులభంగానే కనిపిస్తాయి. కాని మూడు మాత్రల తాళంలో బరువు ఒకసారి రెండవ మాత్రపై, మరొకసారి మూడవ మాత్రపై పడే ఆ నడకను పట్టుకోవడం ఘనమైన పరీక్ష. న్యాయనిర్ణేతలు స్వరాల సంఖ్యను తూచరని దీనివల్ల గ్రహించవచ్చు.

ఇక సాధన విషయం. కృతి నేర్చుకొనడం పోటీకి రెండు నెలల ముందే పూర్తి కావాలి. చివరి రెండు నెలలు దానితో కాపురం చేయడానికి. మొదట ఒక్కొక్క చేతిని విడిగా, నిదానంగా వాయించాలి. తప్పు వచ్చిన చోటును మాత్రమే తీసుకొని పదిసార్లు సరిగా వాయించడం, కృతినంతా పదిసార్లు తప్పుగా వాయించడం కంటె మేలు. కంఠస్థం చేసేటప్పుడు కృతిని ఆరేడు ఖండాలుగా విభజించి, ఏ ఖండం నుండి అయినా ఆరంభించగలగాలి. మొదటినుండి మాత్రమే గుర్తున్నవాడు నడుమ మరిస్తే తిరిగి మొదటికే పోవాలి. ఖండాలు తెలిసినవాడు ముందుకు పోగలడు.

చివరి పక్షంలో రోజుకొకసారి, ఎక్కడా ఆగక, మొత్తం వాయించాలి. ఇంటివారి ఎదుట, స్నేహితుల ఎదుట వాయించాలి. వీలైనన్ని వేర్వేరు పియానోలపై వాయించాలి. వయొలిన్ విద్వాంసుడు తన వాద్యాన్ని వెంట తెచ్చుకుంటాడు. పియానో వాయించేవాడు అక్కడున్నదానితోనే సర్దుకోవాలి. ఒకదాని మెట్లు బరువు, మరొకదాని మెట్లు తేలిక. వేదిక ఎక్కగానే ఆసనం ఎత్తు సరిచేసుకొని, మొదటి వాక్యాన్ని మనస్సులో పాడుకొని, ఆ తరువాతనే చేతులెత్తాలి. మొదటి కృతిగా అతి కఠినమైనదానిని పెట్టరాదు. చల్లబడిన వ్రేళ్లకు కొంత వ్యవధి కావాలి.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. పియానో ఖరీదైన వాద్యం. అందరి ఇండ్లలోను ఉండదు. ఎలక్ట్రానిక్ కీబోర్డుపై స్వరాలు నేర్చుకొనవచ్చును గాని, 88 మెట్ల పియానోపై వ్రేలి బరువుతో నాదాన్ని మలచే విద్య చాలా కీబోర్డులపై పట్టుబడదు. రోజుకు ఒక గంట మాత్రమే వాద్యం అందే విద్యార్థికి రెండు గంటల సాధన కోరే కృతిని అప్పగించడం అన్యాయం. కనుక గురువులు కృతిని నిర్ణయించే ముందు “ఏది వాయించగలవు?” అని మాత్రమే కాక, “వాయించడానికి నీకు ఎంత సమయం, ఏ వాద్యం దొరుకుతుంది?” అని కూడా అడగాలి. కమిటీవారు గెలిచినవారికి వెండికప్పు ఇవ్వడంతో తృప్తి చెందక, శ్రుతి చేసిన ఒక పియానోను, ఒక గది తాళంచెవిని, సాయంకాలం రెండు గంటలను విద్యార్థులకు సమకూర్చగలిగితే అది బహుమతి కంటె పెద్ద సహాయం. కప్పు ఒక్కరికే దక్కుతుంది. ఆ గది అందరిదీ అవుతుంది.