బోదకాలు మాత్ర వెనుక తెలుగు విద్యార్థి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోదకాలు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఫైలేరియా మాత్రలు పంచినప్పుడు కొందరు మింగుతారు. కొందరు జేబులో వేసుకుని, తరువాత పొలం గట్టు మీద పారేస్తారు. ఆ మాత్రల్లో ఒకటైన డి.ఇ.సి. మందును వెలికితెచ్చింది ఒక తెలుగువాడి బృందమని చాలామందికి తెలియదు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఇటువంటి జబ్బుల గుట్టు తేల్చాలని ఆయన పట్టుపట్టారు. చేతిలో డబ్బు లేదు. మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయపడగా 1922లో ఓడెక్కి అమెరికా వెళ్లి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1947లో డి.ఇ.సి.ని లోకానికి అందించింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు.

అంతటితో పని తీరలేదు. ఈ మందు రక్తంలో తిరిగే పిల్ల పురుగులను బాగా తుడిచిపెడుతుంది గాని, పెద్ద పురుగు మీద దాని ప్రభావం అంతంత మాత్రమే. పెద్ద పురుగు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఏటేటా మాత్ర మింగమనేది అందుకే. ముదిరి లావెక్కిన కాలు మాత్రతో మామూలు కాదు. పిల్ల పురుగులు రాత్రివేళే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. ఆరోగ్య సిబ్బంది పడుకునే వేళకు వచ్చి వేలికి సూది గుచ్చితే విసుక్కోవడం మామూలే గాని, పగటి రక్తంలో అవి సరిగా దొరకవు.

పెద్ద పురుగును కొద్ది రోజుల్లో చంపే మందు కోసం పరిశోధకులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మీదా పని ఉంది. కాలువలో నీరు ముంచి దోమ పిల్లలను లెక్కపెట్టడమూ పరిశోధనే.

ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు భారత వైద్య పరిశోధన మండలి రెండు నెలల స్వల్పకాలిక పరిశోధన పథకం నడుపుతోంది. సొంత కాలేజీలోని అధ్యాపకుడి కింద పనిచేసి నివేదిక పంపాలి, అది ఆమోదం పొందితే భత్యం ఇస్తారు. శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి గనుక దీనికోసం దూరం పోనవసరం లేదు.

డాక్టరు సీటు రాని పిల్లలకూ దారి ఉంది. బి.ఎస్సీ.లో జువాలజీ వంటివి చదివినవారు పుదుచ్చేరిలో 1975లో నెలకొన్న వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో ఎమ్మెస్సీ చేయవచ్చు. అక్కడ చదువంతా దోమలు, ఈగలు, అవి మోసే రోగాల గురించే. మన డిగ్రీ కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలకు బి.ఇడి., గ్రూప్స్ పరీక్షల సంగతి తెలిసినంతగా ఈ సంగతి తెలియడం లేదు. నోటీసులు ఇంగ్లీషులో, ఇంటర్నెట్‌లో వస్తాయి. వాటిని చూసి కాలేజీ బోర్డు మీద తెలుగులో రాసి పెట్టడం లెక్చరర్లకు పెద్ద పనేమీ కాదు.