అందరికీ అందే తెలుగు పుట: ఒక వెబ్‌సైటు పునర్నిర్మాణం

హొసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాలలో వాడుకలో ఉన్న పెళ్ళిపాటలను, సామెతలను సేకరించి 2003లో మేము ఒక సొంత వెబ్‌సైటు తయారుచేసుకొన్నాం. చూసినవారంతా బాగుందనే అన్నారు. చాలాకాలం తరవాత, చూపులేని ఒక విద్యార్థి ఆ పుటలను కంప్యూటరు చేత చదివించుకొని, అందులో ఒక్క తెలుగు మాట కూడా లేదని మాతో చెప్పాడు. అతను చెప్పింది నిజమే. మా పుటలలో ఉన్నవి తెలుగు వేషం వేసుకొన్న ఇంగ్లీషు అక్షరాలు. వాటిని మొదటినుంచి మళ్ళీ కట్టవలసివచ్చింది. సొంత పుటలు తయారుచేసుకొనే విద్యార్థులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ పని వివరాలను ఇక్కడ ఇస్తున్నాం.

కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా దాచుకొంటుంది. పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల స్థానాలలో మన గుణింతాలను, ఒత్తులను ముక్కలు ముక్కలుగా అమర్చేవి. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు కనబడేది. లేనిచోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనబడేది. తెరమీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు ఫాంటుతో పనిలేదు. అది అంకెలనే చూస్తుంది. కాబట్టి మా పెళ్ళిపాటలను అది ఇంగ్లీషు అక్షరాలుగానే చదివింది.

యూనికోడ్‌లో ఈ చిక్కు లేదు. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 'లక్ష్మి' అన్న మాట ఇందులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలుగా, మనం పలికే వరుసలోనే ఉంటుంది. ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో ఫాంటు చూసుకొంటుంది. మేము పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, సేకరణ పుస్తకాలతో సరిచూసుకొన్నాం.

దీనివల్ల మేము అనుకోని ప్రయోజనం మరొకటి కలిగింది. యూనికోడ్‌లో భారతీయ లిపులను చాలావరకు సమాంతరంగా అమర్చారు. తెలుగు 'క' అంకెకు 128 కలిపితే కన్నడ 'క' వస్తుంది. మిగిలిన చాలా అక్షరాలకూ ఇదే లెక్క. కాబట్టి తెలుగు పాఠాన్ని కన్నడ లిపిలో చూపడానికి చిన్న ప్రోగ్రాము చాలు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం కాబట్టి అక్కడ ఈ లెక్క సరిపోదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో చదువుకొన్నవారు మనలో ఎందరో ఉన్నారు. వారికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. చూపులేనివారికోసం చేసిన మార్పు వీరికి కూడా తెలుగును అందించింది.

ఇక ప్రమాణాల సంగతి. టిమ్ బెర్నర్స్-లీ 1994లో స్థాపించిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, పుటలు అందరికీ అందుబాటులో ఉండడానికి పాటించవలసిన సూత్రాలను 1999లో ప్రకటించింది. రెండవ కూర్పు 2008లో వచ్చింది. దాన్ని 2018లోను, 2023లోను విస్తరించారు. వాటిలో మేము పాటించినవి ముఖ్యంగా అయిదు.

మొదటిది, భాష గుర్తు. పుట తెలుగులో ఉందని 'టి', 'ఇ' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో పుట మొదట్లోనే తెలపాలి. ఏ భాష గొంతుతో చదవాలో స్క్రీన్ రీడర్ దీన్నిబట్టి నిర్ణయించుకొంటుంది. మధ్యలో తమిళ సామెతో, యానాం గురించి రాసేటప్పుడు ఫ్రెంచి వాక్యమో వస్తే, ఆ భాగానికి ఆ భాష గుర్తు వేరుగా పెట్టాలి.

రెండవది, శీర్షికలు. పూర్వం అక్షరాలను లావుచేసి శీర్షిక అనిపించేవాళ్ళం. వినేవారికి ఆ లావు తెలియదు. శీర్షిక అని పుటలోనే గుర్తిస్తే, వారు ఒక శీర్షికనుంచి మరొకదానికి నేరుగా వెళ్ళగలరు.

మూడవది, బొమ్మలు. చేతిరాత పుటల ఫొటోలకింద వాటి పాఠాన్ని టైపు చేశాం. అలంకారానికి పెట్టిన పూలతీగల వర్ణనను ఖాళీగా వదిలాం; స్క్రీన్ రీడర్ వాటిని దాటిపోతుంది.

నాలుగవది, లింకులు. 'ఇక్కడ నొక్కండి' అని ఇరవైచోట్ల ఉంటే, లింకులను మాత్రమే వరుసగా వినేవారికి ఏది ఎక్కడికి పోతుందో తెలియదు. వాటిని 'తలంబ్రాల పాట', 'అప్పగింతల పాట' అని మార్చాం.

అయిదవది, రంగులు, వరుసల ఎడం. మామూలు పరిమాణపు అక్షరాలకు, వాటి వెనక రంగుకు మధ్య వెలుగు తేడా 4.5కు 1 నిష్పత్తికి తగ్గకూడదు. పసుపుమీద మేము వాడిన నారింజరంగు దీనికి నిలవలేదు. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి, వరుసల ఎడాన్ని అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉంచాం.

పని ముగిశాక పరీక్షించుకోవడం తేలికే. మౌసును పక్కన పెట్టి, ట్యాబ్ మీటతోనే పుట అంతా తిరిగి చూడండి. తరవాత ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ పెట్టుకొని, కళ్ళు మూసుకొని వినండి.

కొత్త పుటలను ఆ విద్యార్థికే ముందు వినిపించాం. తలంబ్రాల పాటలో ఒక చరణం తమ ఇంట్లో వేరేవిధంగా పాడతారని చెప్పి, పాడి వినిపించాడు. ఆ పాఠాంతరాన్ని కూడా పాట కింద చేర్చాం.