జానెడు రైలింజన్!

రామగిరి, గోదావరిఖని, రామగుండం... ఈ చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు రైలంటే ముందు గుర్తొచ్చేది బొగ్గు బండే. సింగరేణి గనుల బొగ్గును ఎన్టీపీసీకి చేర్చడానికి ఇక్కడ ప్రత్యేకంగా ఓ రైలుమార్గమే ఉంది. వ్యాగన్లు లెక్కపెడుతూ పెరిగినవాళ్లు పెద్దయ్యాక ఆనాటి ఇంజిన్‌ని షోకేసులో పెట్టుకోవాలనుకుంటే? బొమ్మల దుకాణంలో దొరకడం కష్టం. అలాంటివాళ్లకు దారి చూపేదే రెజిన్ కిట్!

అచ్చులోంచి ఇంజిన్

ప్లాస్టిక్ బొమ్మలకు ఉక్కు అచ్చులు కావాలి. వాటికి ఖర్చెక్కువ. బొమ్మలు వేలల్లో అమ్ముడుపోతేనే గిట్టుబాటు. రెజిన్ పద్ధతి వేరు. ఒక్క నమూనా చేసి, దాని చుట్టూ సిలికాన్ రబ్బరు పోస్తే అచ్చు తయారు. అందులో ద్రవరూపంలోని రెజిన్ పోస్తే కాసేపట్లో గట్టిపడుతుంది. కొన్ని పదుల బొమ్మలు తీసేసరికి అచ్చు పాడవుతుంది. అందుకే తక్కువమంది అడిగే ఇంజిన్లు ఇలా కిట్లుగా వస్తుంటాయి. చాలా కిట్లలో పైభాగమే ఉంటుంది. మోటారు, చక్రాలు వేరే కొనుక్కోవాలి.

ముందు స్నానం!

భాగాలకు అచ్చు తాలూకు జిడ్డు అంటుకుని ఉంటుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగకపోతే రంగు ఊడిపోతుంది. వంగిన భాగాన్ని వేడినీళ్లలో ముంచి, గాజుపలక మీద అదిమిపెడితే తిన్నగా అవుతుంది. గాలి బుడగల చిల్లులకు లప్పం పెట్టాలి. ప్లాస్టిక్ బొమ్మల జిగురు దీనికి పనికిరాదు. సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ వాడాలి. ఉప్పుకాగితంతో తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు తప్పనిసరి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. గని ప్రాంతం వాళ్లకు దుమ్ము సంగతి వేరే చెప్పాలా! పిల్లలైతే పెద్దల పక్కనే కూర్చుని చేయాలి.

మన బండిలా ఉండాలంటే...

కాజీపేట డీజిల్ షెడ్డులో ఏళ్ల తరబడి కనిపించిన డబ్ల్యూడీఎం-2 సంగతే చూద్దాం. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మొదటివి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. మొత్తం 2,600కు పైనే! సుమారు 17 మీటర్ల ఈ ఇంజిన్‌ని 87వ వంతుకు కుదిస్తే జానెడే.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. అచ్చులో లావుగా వచ్చిన చేతికడ్డీలను చెక్కేసి, సన్నని ఇత్తడి తీగ అమర్చాలి. అడుగున మూడేసి ఇరుసుల మధ్య దూరం సమానంగా ఉండదు. అది తప్పితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. పట్టాలతో మరో తిప్పలు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతంటే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. బజారులో దొరికే ఈ సైజు పట్టాలేమో 16.5 మిల్లీమీటర్లే, విదేశీ కొలత మరి! చాలామంది పట్టాలతో సర్దుకుపోయి, పైభాగాన్ని మాత్రం సరైన కొలతకు తెస్తారు.

రంగు ఆరాక మసి, తుప్పు, దుమ్ము అద్దాలి. వెనక వ్యాగన్లలోకి బొగ్గు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. చిన్న బొగ్గు పెళ్లను దంచి, జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికిస్తే సరి. అసలు బొగ్గే కదా!

తాతయ్యనడగండి

కరెంటు ఇంజిన్లు వచ్చాక పాత డీజిళ్లు చాలావరకు తుక్కుకి వెళ్లిపోయాయి. కొన్ని మాత్రం మ్యూజియాలకు చేరాయి. కొలతలు కాగితాల్లో దొరకొచ్చు. కానీ పొగగొట్టం పక్కన మసి ఎంతమేర పేరుకునేది, మెట్ల దగ్గర రంగు ఎక్కడ అరిగేది... ఇవి ఆ ఇంజిన్లు నడిపినవాళ్లకే, మరమ్మతు చేసినవాళ్లకే తెలుసు. కిట్‌లో దొరికేది ఇంజిన్ ఆకారమే. అది మన ఊరి ఇంజిన్ కావాలంటే దాన్ని చూసిన కళ్లు కావాలి. ఇంట్లో అలాంటి తాతయ్య ఉంటే ఇవాళే కూర్చోబెట్టి అడగండి. కిట్ తర్వాతైనా కొనుక్కోవచ్చు!