లేని పొగకు లెక్కెంత?

సొసైటీ గోడౌన్ నుంచి రైతు ఇంటికి తెచ్చుకునే 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాగి ఉంటుంది. అమ్మోనియాను, కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి అధిక పీడనంలో వండితే వచ్చే తెల్లటి గుళికలే యూరియా. మడిలో చల్లాక అది విడిపోతుంది. నత్రజని పైరుకు అందుతుంది. కార్బన్ డయాక్సైడ్ మొత్తం గాలిలో కలిసినట్టే అంతర్జాతీయ లెక్కల పుస్తకం రాసుకుంటుంది.

కార్బన్ క్రెడిట్ల కథనాలు సాధారణంగా చెట్లతో మొదలవుతాయి. బహ్రెయిన్ విషయంలో ఈ బస్తాతో మొదలుపెట్టడమే న్యాయం. 1932లో గల్ఫ్ అరబ్బు తీరంలో మొట్టమొదటగా చమురు పడింది ఈ చిన్న దీవిలోనే. సిత్రాలో గల్ఫ్ పెట్రోకెమికల్ ఇండస్ట్రీస్ కంపెనీ ఉంది. అందరూ జీపీఐసీ అంటారు. 1979లో బహ్రెయిన్, సౌదీ, కువైట్ వాటాలతో ఏర్పడిన ఈ కంపెనీ సహజవాయువు నుంచి అమ్మోనియా, మిథనాల్, యూరియా తీస్తుంది. 2010లో అక్కడ జపాన్ కంపెనీ మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ సాంకేతికతతో ఒక యూనిట్ మొదలైంది. పొగగొట్టంలోంచి పోయే కార్బన్ డయాక్సైడ్‌ను రోజుకు 450 టన్నుల దాకా పట్టుకోవడం దాని పని.

పట్టుకునే తీరు తేలిగ్గానే అర్థమవుతుంది. పొగను చల్లార్చి ఒక ఎత్తైన టవర్ అడుగు నుంచి పైకి వదులుతారు. పై నుంచి అమీన్ జాతి ద్రావణం జల్లులా దిగుతుంది. ఎదురుపడ్డ చోట అది కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం పట్టుకుని, మిగతా గాలిని పోనిస్తుంది. ఆ ద్రావణాన్ని ఇంకో టవర్‌లో ఆవిరితో వేడి చేస్తే పట్టుకున్నదాన్ని వదిలేసి మళ్లీ పనికి సిద్ధమవుతుంది. ఇలా దొరికిన వాయువు యూరియాలోకీ మిథనాల్‌లోకీ వెళ్తుంది.

ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో నడిస్తే లక్షా 64 వేల టన్నులు. అంత కాలుష్యం తగ్గినట్టేనా? కాదు. వేడి చేసే ఆవిరికి ఇంధనం కాలింది, ముందు దాన్ని తీసేయాలి. మిథనాల్‌ను ఎక్కడో ఇంధనంగా కాలిస్తే అందులోని కార్బన్ అక్కడ బయటికొస్తుంది. యూరియాలో చేరింది పొలంలో బయటపడుతుంది. వాతావరణ మార్పులపై ప్రభుత్వాల మధ్య ఏర్పడిన సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం, యూరియాలోకి వెళ్లిన కార్బన్ డయాక్సైడ్‌ను తయారీదారు దేశం తన లెక్కలోంచి తీసేసుకోవచ్చు. అది చల్లిన దేశం తన లెక్కలో కలుపుకోవాలి. సిత్రా బస్తా కోనసీమకు వస్తే బహ్రెయిన్‌కు తీసివేత, మనకు కూడిక. ఇందులో మోసమేమీ లేదు, పద్దు ఎవరి పేరు మీద ఉండాలన్న నియమం అంతే. కానీ పట్టుకున్న ప్రతి టన్నూ తగ్గించిన టన్నే అని ఎవరైనా బ్రోషర్‌లో వేస్తే అనుమానించాల్సిందే.

కార్బన్ క్రెడిట్ అంటే ఒక టన్ను. అయితే అది ఏ గోదాములోనూ ఉండని టన్ను. ప్రాజెక్టు లేకపోతే ఎంత పొగ వచ్చేదో ఊహించి, అందులోంచి నిజంగా వచ్చింది తీసేస్తే మిగిలేదే క్రెడిట్. రెండో అంకెను మీటరు పెట్టి కొలవచ్చు. మొదటిది ఎన్నడూ జరగని సంగతి, దానికి మీటరుండదు. ఈ వ్యాపారంలోని గొడవలన్నీ ఆ మొదటి అంకె చుట్టూనే తిరుగుతాయి. ఊహను ఉబ్బిస్తే క్రెడిట్లు వాటంతటవే పెరుగుతాయి. అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ పెద్ద అంకే ముద్దు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది అదే.

ఈ లెక్కను మన ఆదిలాబాద్ ఎప్పుడో చూసింది. పవర్‌గూడ అనే గిరిజన గూడెం మహిళలు 2003లో ప్రపంచ బ్యాంకుకు 147 టన్నులు అమ్మారు. చేతికొచ్చింది 645 డాలర్లు, అంటే టన్నుకు నాలుగున్నర డాలర్ల లోపే. కానుగ గింజల నుంచి పదేళ్లలో 51 టన్నుల నూనె తీసి, అంత డీజిల్‌కు బదులుగా వాడితే ఎంత పొగ తప్పుతుందో లెక్కకట్టి నిర్ణయించిన అంకె అది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సు వల్ల వచ్చిన పొగకు పరిహారంగా బ్యాంకు ఆ టన్నులు కొంది. సొమ్ము చిన్నదే. లెక్క మాత్రం ఎవరైనా కాగితం మీద సరిచూసుకోగలిగినంత సూటిగా ఉంది. తర్వాత వచ్చిన పెద్ద పెద్ద అటవీ ప్రాజెక్టుల్లో చాలావాటి గురించి ఈ మాట అనలేం.

ఇక బహ్రెయిన్‌లో చెట్ల సంగతి. 2021లో గ్లాస్గో కాప్-26 సదస్సు నాటికి ఆ దేశం మూడు మాటలిచ్చింది. 2035కల్లా ఉద్గారాల్లో 30 శాతం కోత, 2060కి నెట్ జీరో, మడ అడవుల విస్తీర్ణం 2035కల్లా నాలుగింతలు. మడ అడవులు మిగిలింది ముఖ్యంగా తూబ్లీ అఖాతంలోని రాస్ సనద్‌లో. 1997లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన అఖాతమది. కట్టడాల కోసం సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయిన దేశంలో అఖాతం కుంచించుకుపోయింది. అక్కడ పెరిగేది ఒకే జాతి, మన కోరంగి అడవుల్లోనూ కనిపించే తెల్ల మడ. కోరంగికి గోదావరి మంచినీళ్లిస్తుంది. రాస్ సనద్‌కు ఏ నదీ లేదు, ఎండా ఉప్పూ ఎక్కువ. అందుకే చెట్టు గుబురుగా ఉన్నా పొట్టిగానే మిగిలిపోతుంది.

మొక్కల్ని లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చు. మడ కార్బన్‌లో ఎక్కువ భాగం బురదలో ఉంటుంది, చిక్కంతా అక్కడే. మీటరు లోతు దాకా గొట్టం దింపి, మట్టిని కడ్డీలా బయటికి తీసి, ముక్కలుగా కోస్తారు. తడి బరువు, ఆరబెట్టాక బరువు రాసుకుంటారు. గల్ఫ్ తీరపు మట్టిలో నత్తగుల్లల పొడి, పగడపు పొడి ఎక్కువ. వాటిలో ఉండేదీ కార్బనే, కానీ అది చెట్టు గాలిలోంచి లాక్కున్నది కాదు. ఆమ్లంతో దాన్ని కరిగించి తీసేశాకే అసలు కొలత మొదలవుతుంది. ఆటుపోట్లతో వేరే చోటి నుంచి కొట్టుకొచ్చి చేరిన కార్బన్‌ను కూడా మినహాయించాలి. క్రెడిట్లకు ప్రమాణాలు పెట్టే వెర్రా సంస్థ వీఎం0033 అనే తీర చిత్తడి పద్ధతిలో ఈ మినహాయింపు తప్పనిసరి. మురుగు కలిసే చోట మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా వస్తాయి, వాటినీ తీసేయాలి. ఇన్ని తీసివేతల తర్వాత మిగిలింది క్రెడిట్. మొక్కకింత అని అంకె చెప్పి అమ్మేవాళ్లు ఈ మెట్లన్నీ ఒక్క అంగలో దాటేస్తున్నట్టే.

ఎంత మిగులుతుందో అంచనాకు ఐపీసీసీ 2013 చిత్తడి నేలల అనుబంధంలో ఒక సగటు ఉంది. తిరిగి పెంచిన మడ నేల హెక్టారుకు ఏటా 1.62 టన్నుల కార్బన్ పోగేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌గా మారిస్తే సుమారు 6 టన్నులు. వంద హెక్టార్లు నాటితే ఏడాదికి 600 టన్నుల లోపు. సిత్రా యూనిట్ పూర్తి సామర్థ్యంతో ఒకటిన్నర రోజు నడిస్తే అంతకన్నా ఎక్కువే పట్టేస్తుంది. మొండి ఎడారి తీరంలో ఆ సగటు కూడా అందుతుందన్న హామీ లేదు. మడలు పనికిరావని నేననడం లేదు. చేపపిల్లలకూ రొయ్యలకూ వలస పక్షులకూ అవే ఆసరా, తీరానికి అవే కంచె. అందుకోసం నాటితే చాలు, ఫ్యాక్టరీల పొగకు బదులుగా చూపించడానికి మాత్రం అవి చాలవు.

ఇంకో ముడి ఉంది. మడల్ని నాలుగింతలు చేస్తానని ప్రభుత్వం ముందే ప్రకటించింది కదా, ఎలాగూ నాటబోయే మొక్కకు క్రెడిట్ ఎలా ఇస్తారు? కొనుగోలుదారు డబ్బు లేకపోతే ఆ పని జరిగేది కాదని రుజువు చేయడం క్రెడిట్‌కు మొదటి షరతు. అదనంగా నాటిన భాగానికే క్రెడిట్ అనొచ్చు, కానీ లక్ష్యం ఎక్కడ ముగిసి అదనం ఎక్కడ మొదలైందో గీత గీయాల్సింది మళ్లీ ప్రాజెక్టు వాళ్లే. నాటిన చోట ఓ ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా పూడ్చి రోడ్డు వేస్తే బురదలోని కార్బన్ తిరిగి గాలిలోకి పోతుంది. అందుకే క్రెడిట్ల పద్దు నమోదు చేసే పేరున్న రిజిస్ట్రీలు ప్రతి ప్రాజెక్టు నుంచి కొన్ని క్రెడిట్లను ఉమ్మడి నిల్వగా పక్కన పెట్టిస్తాయి.

గల్ఫ్‌లో ఇప్పుడు ఈ బేరానికి గిరాకీ ఉంది. దోహాలో గ్లోబల్ కార్బన్ కౌన్సిల్ ప్రమాణాలు రాస్తోంది. రియాద్‌లో 2022లో వేలం వేసి 14 లక్షల టన్నులు అమ్మారు, 2023లో సౌదీ వాళ్లే నైరోబీలో 22 లక్షల టన్నులు. బహ్రెయిన్‌కు కూడా సఫా పేరుతో స్వచ్ఛంద ఆఫ్‌సెట్ వేదిక ఉంది. మనామా నుంచి హైదరాబాద్ టికెట్ కొనే మనవాళ్లకు, అక్కడి కొలిముల్లో, రిఫైనరీల్లో పనిచేసేవాళ్లకు రేపో మాపో ఈ బేరం ఫోన్ తెరమీదికే వస్తుంది. అప్పుడు చూడాల్సింది ధర కాదు, ఆ టన్ను ఏ రిజిస్ట్రీలో ఏ క్రమసంఖ్యతో ఉందో, కొన్నాక అది రద్దయిందో లేదో. రద్దు కాని క్రెడిట్‌ను మరొకరికి మళ్లీ అమ్మొచ్చు.

పారిస్ ఒప్పందం ఆరో అధికరణ దేశాల మధ్య బేరానికి ఒక నియమం పెట్టింది. అమ్మిన దేశం ఆ టన్నును తన ఖాతాలోంచి కొట్టేయాలి, లేదంటే ఒకే టన్ను రెండు చోట్ల చెల్లుతుంది. రాస్ సనద్ టన్ను ఈ దారిలో విదేశానికి వెళ్తే, బహ్రెయిన్ దాన్ని తన 30 శాతంలో చూపించుకోకూడదు. ఏదో ఒక కంపెనీ స్వచ్ఛందంగా కొనుక్కుంటే ఈ కొట్టివేత తప్పనిసరి కాదు. అప్పుడు అదే మడచెట్టును కంపెనీ తన వార్షిక నివేదికలోనూ, ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి పంపే లెక్కలోనూ చూపించుకోవచ్చు, ఏ నియమమూ అడ్డుపడదు.