కల్లు ముంతలో చెట్టు పాలెంత? మందు పాలెంత?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క చెరువు కట్టల కింద, వంకల వెంబడి ఈత చెట్లు మీకు కొత్త కాదు. చలికాలం వచ్చిందంటే ఈడిగవాళ్లు మోకు వేసుకుని చెట్టెక్కుతారు. కానీ అంగడిలో మీ చేతికిచ్చే ముంతలో ఉన్నది చెట్టు నుంచి దిగిన కల్లేనా? తాగమని చెప్పడం మా ఉద్దేశం కాదు. తాగేవారు ఏం తాగుతున్నారో తెలుసుకోవాలి.

జర్మనీలో లేత పసుపు రంగు లాగర్ బీరు ఉంది. మ్యూనిక్‌లో 1894లో స్పాటెన్ కంపెనీ తెచ్చిన 'హెల్లెస్' ఆ రకమే. దాన్ని పరీక్షించేవాళ్లు గటగటా తాగరు. ముందు రంగు, నురగ చూస్తారు. తర్వాత వాసన, ఆ తర్వాతే ఒక గుక్క. వెన్న వాసన కొట్టిందా, తప్పు పడుతుంది. ఈ వరుస కల్లుకూ పనికొస్తుంది.

కంటితో: ఆ బీరు తేటగా ఉండాలి. పులిసిన కల్లు మాత్రం పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. పోసేటప్పుడు లేచిన నురగను లెక్కలోకి తీసుకోవద్దు. కదపకుండా పెట్టినా అడుగు నుంచి సన్న బుడగలు వస్తుండాలి.

ముక్కుతో: తీపి, పులుపు కలిసిన వాసన రావాలి. మందుల వాసన తగిలితే పక్కన పెట్టేయండి.

నాలుకతో: మొదట తీపి, వెంటనే పులుపు, చివర కొంచెం వగరు. మింగి చాలాసేపయినా నోట్లో తీపి వదలకపోతే శాకరిన్ కలిపారేమో అనుమానించాలి.

వీటన్నిటికన్నా గట్టి పరీక్ష పొద్దు. లాగర్‌ను వారాల తరబడి చల్లగా నిల్వ ఉంచి పక్వం చేస్తారు. లాగర్ అంటేనే వాళ్ల భాషలో నిల్వచోటు. కల్లుకు నిల్వ లేదు. దానిలోని ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తూనే ఉంటుంది. ఉదయం తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. సున్నం పూసిన ముంతలో పట్టి చల్లగా ఉంచిన నీరా సంగతి వేరు. అది కాకుండా పొద్దుటి రుచే సాయంత్రమూ ఉంటే అది చెట్టు సరుకు కాదు.

ఒక్క మాట మరవొద్దు. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తు మందులు కొద్దిగా కలిపినా నాలుక పట్టలేకపోవచ్చు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. ఒకటి రెండు ముంతలకే ఒళ్లు తెలియని నిద్ర, మాట తడబాటు వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇలాంటి కల్లుకు అలవాటు పడినవారు ఒక్కసారిగా మానేసినా చేతులు వణకడం, ఫిట్స్, పిచ్చిచూపులు రావచ్చు. డాక్టరు సలహాతోనే మానాలి.

చివరగా రైతు లెక్క. మీ ఊళ్లో గీసే చెట్లెన్నో మీకు తెలుసు. చెట్టుకు రోజుకు ఎన్ని ముంతలు దిగుతాయో గీసేవాణ్ణి అడిగితే చెబుతాడు. ఆ లెక్కకు మించి అంగడిలో అమ్ముతున్నారా? గీత ఆగిపోయిన రోజుల్లోనూ కుండలు నిండుగానే ఉన్నాయా? అయితే ఆ మిగతాది ఎక్కడ నుంచి దిగిందో గట్టిగా అడగండి. ఎక్సైజ్ అధికారులకూ చెప్పండి.