వైఫై కేబుల్‌లో కరెంటు ఉంటుందా? మా డాబా మీద దొరికిన జవాబు

ఈ ఎపిసోడ్ కర్మన్‌ఘాట్‌లో మా డాబా మీద నుంచే. సాగర్ రింగ్ రోడ్డు దగ్గరే కాబట్టి హారన్ సౌండ్ వస్తే అడ్జస్ట్ అయిపోండి.

2025 ఆగస్టు 17 రాత్రి గుర్తుందా? రామంతాపూర్ గోకుల్‌నగర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో రథానికి కరెంటు పాకి ఐదుగురు చనిపోయారు. పైన 11 కేవీ లైన్‌కి ఒక కేబుల్ వైరు తగిలి, దాని గుండా కరెంటు కిందికొచ్చిందని అప్పుడు అధికారులు చెప్పారు. ఆ వెంటనే సిటీలో స్తంభాల మీద కేబుళ్లు కట్ చేయడం మొదలైంది. చాలా ఏరియాల్లో నెట్ పోయింది. జాబ్ మానేసి వీడియోలు చేసుకునేవాడిని, నెట్ లేకపోతే నా పనేంటి? నేనూ అందరిలాగే తిట్టుకుంటూ, మన వైరు ఉందో పోయిందో చూద్దామని డాబా ఎక్కా.

అక్కడ మా అమ్మ దండెం కనబడింది. నల్లటి సన్న వైరు, నిండా బట్టలు. అది మేం ఎప్పుడో మానేసిన పాత కనెక్షన్ తాలూకు ఫైబర్. "తీగ గట్టిగుంది బిడ్డా, బట్టలు మంచిగ ఆరుతయ్" అని అమ్మే ట్యాంకు పైపుకి చుట్టేసింది. సరే అని ఆ వైరు వెంట చూస్కుంటూ పోతే పిట్టగోడ దాటింది, రోడ్డు దాటింది. రెండో చివర ఇంకా కరెంటు స్తంభానికే ఉంది.

నేను బీటెక్. ఫైబర్ అంటే గాజు, గాజులో కరెంటు పోదని నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్లూ ఆ వైరు వైపు చూడలేదు. కానీ లోపలి గాజు పోగు 0.125 మిల్లీమీటర్లే, దాని బరువు అది మోసుకోలేదు. స్తంభం నుంచి ఇంటికి గాల్లో వేలాడటానికి పక్కనే ఒక స్టీలు తీగ పెడతారు. కొన్ని రకాల్లో స్టీలు ఉండదు, ఫైబర్‌గ్లాస్ కడ్డీలే ఉంటాయి. కానీ బయటి నల్ల తొడుగు చూసి ఏది ఏదో మనం చెప్పలేం. ఆ తొడుగు ఎండావానల కోసమే, 11 వేల వోల్టులను ఆపడానికి కాదు. స్తంభం మీద పైన హైటెన్షన్, దాని కింద ఇళ్ల లైన్, ఇంకా కింద ఈ కేబుళ్లు. గాలివానకి పై తీగ తెగి పడినా, ఎవరో విసిరిన కేబుల్ పైకి చిక్కుకున్నా, ఆ స్టీలు తీగ నేరుగా మా అమ్మ చేతిదాకా వస్తుంది. టెస్టర్ పెట్టి చూద్దాం అనుకోకండి. తొడుగు మీద పెడితే వెలగకపోవచ్చు, అంతమాత్రాన సేఫ్ అని కాదు.

మేం ముట్టుకోలేదు. బట్టలు కూడా అలాగే వదిలేశాం. 1912కి కాల్ చేశాం. లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గరే తీసేశాడు.

ఇప్పుడు కొత్త కనెక్షన్ పెట్టించుకునేటప్పుడు పక్కన నిలబడి ఏం చూడాలో చెప్తా. స్టీలు తీగ బయటి గోడ మీద హుక్కు దగ్గరే ఆగిపోవాలి, లోపలికి ఫైబర్ ఒక్కటే రావాలి. రంధ్రం ముందు వైరు కొంచెం కిందికి వంగి పైకి రావాలి, లేకపోతే వాన నీళ్లు వైరు పట్టుకుని రూటర్ దాకా వచ్చేస్తాయి. "కరెంటు పైపు ఉంది కదా సార్, అందులోంచే లాగేద్దాం" అంటారు చూడండి, అక్కడ మాత్రం వద్దనండి. 230 వోల్టుల వైరు ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే పక్కనున్నది ల్యాన్ కేబుల్. వేరే పైపు వేయించండి.

డాబా మీద కెమెరాలకి నెట్ కేబుల్‌లోనే కరెంటు పంపేవాళ్లయితే సీసీఏ అని రాసిన చవక కేబుల్ కొనకండి. అది రాగి పూత వేసిన అల్యూమినియం. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. కరెంటు పోయేకొద్దీ రాగి కంటే ఎక్కువ వేడెక్కుతుంది. పక్క బిల్డింగ్ ఫ్రెండ్‌కి నెట్ షేర్ చేయాలన్నా డాబాల మధ్య రాగి కేబుల్ లాగొద్దు. రెండు ఇళ్ల ఎర్తింగ్ ఒకటి కాదు, పైగా పిడుగుల సీజన్. స్టీలు లేని ఫైబర్ వేస్కోండి.

మా డాబా మీద ఇప్పుడు నైలాన్ తాడు కట్టా. దుప్పట్లు వేస్తే కిందికి వంగిపోతోందని అమ్మ రోజూ నన్ను తిడుతోంది.