పంటిమచ్చలు – దేహజ్ఞానము

2016 వఱకు ఒక్క నల్లగొండ జిల్లాలోనే యుండిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల చుట్టుప్రక్కల, నవ్వు వచ్చినప్పుడెల్ల నోటికి చేయి అడ్డము పెట్టుకొను పిల్లలను చూచి అది వట్టి సిగ్గని తలచుట కద్దు. పలువురి విషయమున ఆ చేతి మాటున దాగియుండునది గోధుమవన్నె చారలు దేరిన పలువరుస. తోటివారు పాచిపండ్లని వెక్కిరింతురు, ఆ బిడ్డ వేపపుల్లతో చిగుళ్ళు చెదరునంతగా తోముకొనును, మచ్చ పోదు. పోవుటకు అది పైన పట్టిన మురికి కాదు.

ఇచ్చటి గ్రానైటు శిలలలోని ఫ్లోరైడు యుగయుగములుగా భూగర్భజలమున కరగుచున్నది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించినది. ఆ హద్దు మీఱిన బోరునీటిని పసితనమునుండి త్రాగిన బిడ్డకు, చిగుళ్ళ లోపల స్థిరదంతములు రూపొందుచున్న కాలముననే పంటి పైపొరయైన ఎనామిలును నిర్మించు కణముల పని చెడి, ఆ పొరలో కంటికి కానరాని రంధ్రములు మిగిలి, పన్ను మొలచిన పిమ్మట అవి రంగును పీల్చుకొనును. ముందుపండ్లకు కలుగవలసిన నష్టమంతయు ఇంచుమించు ఎనిమిదేండ్ల లోపలనే ముగియును. పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు పద్ధతిని రూపొందించిన నాగపూరు 'నీరి' పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఇది కీర్తియో అపకీర్తియో పాఠకులే నిర్ణయింతురు గాక!

ఈ మచ్చ పంటితో ఆగక బిడ్డ ఆత్మగౌరవమును తాకును. ఆత్మగౌరవమును కొలుచుటకై మోరిస్ రోజెన్‌బర్గు అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు 1965లో ప్రకటించిన పది వాక్యములలో ఒక్కటియు రూపమును గూర్చి యడుగదు. ఐనను కౌమారమున నున్నవారు తమ విలువను తక్కిన యన్నిటికంటె రూపముతోనే ఎక్కువగా ముడివెట్టుకొందురని సూసన్ హార్టర్ అను మనస్తత్వవేత్త పరిశోధనలు తేల్చినవి. కావుననే ఓదార్పు ఇచ్చట చెల్లదు. నీవును చక్కని పిల్లవే యని పెద్దలన్నచో బిడ్డ నమ్మదు. ఎదుట అద్దమున్నది గదా! నమ్మదగినది కారణము. ఇది తన సోమరితనము కాదు, తల్లి పెంపకపు లోపము కాదు, అంటువ్యాధి అంతకంటె కాదు, త్రాగిన నీటి గుణమని యెఱిగిన బిడ్డకు తన్ను తాను నిందించుకొనుటకు హేతువుండదు.

తన దేహమున జరుగుదాని కారణమెఱుగు ఈ దేహజ్ఞానము పండ్లతో ఆగునది కాదు. కండరములు, కీళ్ళు తమ స్థితిని మెదడునకు తెలుపు సంవేదనకును, లోపలి అవయవముల సంవేదనకును షెరింగ్టన్ అను ఆంగ్ల శరీరశాస్త్రజ్ఞుడు 1906లో వేర్వేరు పేరులు పెట్టెను. నాడి పట్టకయే గుండెచప్పుడును లెక్కించు అభ్యాసము ఈ రెండవదానికి చెందినది. నల్లబల్ల ముందు గుండె దడదడలాడుట అసమర్థతకు గుర్తు కాక అడ్రినలిన్ చేయు పనియని తెలిసిన విద్యార్థి లెక్కను సగములో విడువడు. తొలిముట్టును గూర్చి ఆడుపిల్లలకు ముందే చెప్పుటయు ఈ కోవలోనిదే. అది వచ్చిన పిదప చెప్పుట ఆలస్యము.

మిషన్ భగీరథ అను త్రాగునీటి పథకము వలన నదీజలము ఇండ్లకు వచ్చుచున్నను, బోరునీటితో పెరిగినవారి పండ్లు మాఱవు. బడిలోని నీటిని పరీక్ష చేయించి, ఫ్లోరైడు అంకెను పిల్లలచేతనే నల్లబల్లపై వ్రాయించి, దంతముల పాఠమును ఆ అంకెతో ఆరంభింపవలెనని ఈ మూడు పట్టణముల ఉపాధ్యాయులకు నా మనవి.